మా అత్తమ్మ వేసిన చేప పోగులు

నేను హనుమకొండ బజారులో బట్టల దుకాణం వాళ్ల బిడ్డను. డెబ్బైల దశకం నడుమ నన్ను ములుగు అవతల, అడవి దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ఇచ్చారు. ఆ సంగతి తెలిసిన రోజు మా బజారు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా తల నిమిరి "పాపం పిల్ల" అని పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా పెళ్లే కాలేదు, అప్పుడే పాపమేమిటి? ఆ కోపంతోనే బస్సెక్కి ములుగులో దిగి, అక్కణ్నుంచి జీపులో జనం నడుమ ఇరుక్కుని కాపురానికి వచ్చాను.

అత్తగారింట్లో ముందు గది కిరాణా దుకాణం, వెనక ఇల్లు. మామగారు నేను రాకముందే పోయారు. దుకాణం మా అత్తమ్మ చూసుకునేది, సరుకుల కోసం వరంగల్ తిరిగే పని మా ఆయనది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా అమ్మ అంటుండేది. అత్తమ్మను చూశాక నాది అసలు కోపమే కాదని తెలిసింది. ఉప్పు బస్తా తడిపి తెచ్చాడని ఒక జీపు డ్రైవర్‌ను ఆమె వీధి చివరిదాకా తిట్టుకుంటూ సాగనంపింది. తిట్టడం అయ్యాక వెనక్కి పిలిచి మజ్జిగ ఇచ్చింది. మా ఇద్దరికీ మొదటి ఏడాదంతా పొసగలేదు. ఇద్దరం ఒకేసారి అరిస్తే ఎవరి మాటా ఎవరికీ వినబడదని అర్థమయ్యాక మెల్లగా పొసగింది.

మా ఊళ్లో నది వైపు బెస్తల ఇళ్లు. వాగు దాటితే నాయకపోళ్ల గూడెం. అడవిలోకి ఇంకాస్త పోతే కోయగూడెం. అందరికీ మాదొక్కటే దుకాణం. కోయలు ఇప్పపువ్వు, చింతపండు తెచ్చి ఉప్పు, కిరసనాయిలు తీసుకుపోయేవారు. తమలో తాము కోయభాషలో మాట్లాడుకుని, బేరం దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవారు. బెస్తలు వల దారం కోసం వచ్చేవారు. ఎవరి దేవుళ్లు వాళ్లకున్నారు, ఎవరి పెళ్లి తీరు వాళ్లది. చేప మాత్రం అందరికీ కావాలి, మాకు తప్ప. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు. ఎవరైనా ఎండు చేపల గంప దుకాణం ముందు దించితే నాకు కడుపులో తిప్పేది. నేను ఆముదం తాగిన మొహం పెట్టుకుని లోపలికి పరుగెత్తుతుంటే అందరూ నవ్వేవారు. వాళ్లు నవ్వినందుకు నాకు మళ్లీ కోపం.

ఎండాకాలం వస్తే గోదావరి ఇసుక నడిమికి జరిగిపోయి, మా ఒడ్డు పక్కన బండల మధ్య ఒక పెద్ద మడుగును వదిలిపెట్టేది. నది మళ్లీ ఎక్కేదాకా ఆ చేపలకు అదే ఇల్లు. ఉగాది పోయిందంటే ఆ మడుగులో ఎవరూ వల వేయకూడదు, గాలం కూడా వేయకూడదు. మిరుగం, అంటే మృగశిర కార్తె, రేపనగా మూడు పక్కలవాళ్లూ కలిసి ఒక్కరోజు దిగుతారు. మిరుగం నాడు చేప కూర లేకపోతే మా వైపు తినేవాళ్లకు అసలు తోచదు. ఆ దిగడానికి కూడా కట్టుబాట్లు ఉండేవి. వల కన్నులో మూడు వేళ్లు దూరాలి. చిన్న వాగుల్లో మంగకాయ దంచి కలిపి చేపలకు మత్తెక్కించి పట్టేవారు గానీ, మడుగులో ఆ పని చేస్తే ఏ గూడెం వాణ్నయినా మిగతా రెండు పక్కలవాళ్లూ ఒడ్డుకు రానివ్వరు. పెద్ద బండ కింద ఒక మూల ఉంది. అది ఇత్తనం మూల, అక్కడి చేపలు నది కోసం. వాటి జోలికి పోకూడదు.

ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. ఒక్కటి మాత్రం ఎంతకీ అర్థం కాలేదు. పట్టిన చేపలన్నీ ఒకచోట పోసి ఇంటికొక పోగు వేసి పంచేది మా అత్తమ్మ! చేప పేరెత్తితే ముక్కు మూసుకునే ఇంటి మనిషి చేపలు పంచడమేమిటని నాయకపోళ్ల గూడెం అవ్వను అడిగాను. ఆమె మా అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చెప్పింది.

"మునుపు బెస్తోళ్లు పంచితే కోయోళ్లు ఒప్పలే. కోయోళ్లు పంచితే మేము ఒప్పలే. మేము పంచినమా, ఇగ తలకాయలే పలిగినయి. తినేటోని కన్ను మంచి చాప మీదికే పోతది బిడ్డా. కన్ను ఎనకనే చెయ్యి పోతది. మీ అత్తకు కొర్రమట్టయినా ఒక్కటే, పరకయినా ఒక్కటే. అందుకనే ఆమెను తెచ్చి నిలబెట్టినం."

అలా చేప తిననివాళ్లే పంచాలన్నది మూడు పక్కల కట్టు అయిపోయింది.

ఆ రోజు అత్తమ్మను చూడాలి. ఉతికిన నేత చీర కట్టుకుని, కర్పూరం బిళ్ల చుట్టిన గుడ్డ ముక్కుకు కట్టుకుని, చేతిలో పొడుగాటి కర్రతో ఒడ్డుకు దిగేది. చేపను ముట్టేది కాదు. కర్రతో చూపిస్తూ "అది ఇటు, ఇది అటు, ఓరి గుడ్డోడా నీకు కనబడతలేదా" అంటుంటే పెద్ద పెద్ద మగవాళ్లు ఆమె చెప్పినట్టు చేపల్ని టేకాకుల మీద సర్దేవారు. తర్వాత ఇంటికొక గుర్తు తెచ్చి ఆమె చేతిలో పెట్టేవారు. ఒకరిది గవ్వ, ఒకరిది పుల్ల, ఒకరిది పూస. ఆమె వాటిని బుట్టలో కలిపి, చూడకుండా తీసి పోగుకొకటి వేసుకుంటూ పోయేది. ఏ పోగు మీద ఎవరి గుర్తు పడితే అది వాళ్లది. ఇంక మారు మాట లేదు.

మా వాళ్లలో పెళ్లయినా పేరంటమైనా ముండమోసిన ఆడదాన్ని వెనక్కి జరగమంటారు. అత్తమ్మ ఎన్ని పెళ్లిళ్లలో వంటింటి మూలన కూర్చుందో నేను చూశాను. చూసిన ప్రతిసారీ నా పళ్లు నూరుకున్నాను. మడుగు కాడ మాత్రం ఆమె రాందే పని కాదు. బెస్తలు గంగమ్మకు, కోయలు తమ వేల్పుకు, నాయకపోళ్లు తమ దేవరకు దండం పెట్టుకుని, ముగ్గురూ ఆమె వైపే చూసేవారు. ఆ ఒక్కరోజు కోసం ఆమె ఏడాదంతా బతికేదని నేను చెబితే ఆమె నన్ను కొట్టేది గానీ, అది నిజం.

ఎనభైల దశకంలోకి వచ్చాక ఆమెకు సాయంత్రమైతే చూపు ఆనకుండా పోయింది. శనగపప్పు అడిగితే కందిపప్పు కట్టి, పైగా అడిగినవాళ్లనే తిట్టేది. మా ఆయన హనుమకొండలో డాక్టర్‌కు చూపించి తెచ్చాడు. సీసాలో పసుప్పచ్చగా మెరిసే మెత్తటి గోళీలు ఇచ్చారు. ఆమె పొద్దున్నే పూజ కాగానే ఒకటి మింగేది. కొన్నాళ్లకు చూపు బాగుపడింది. వీధి మలుపులో ఉన్నవాళ్లను కూడా గుర్తుపట్టి తిట్టగలిగేది. "బంగారం లెక్క ఉన్నయే గోళీలు" అని మురిసిపోయేది.

మిరుగం దగ్గరపడ్డ రోజుల్లో, సూదులు వేయడానికి ఊళ్లు తిరిగే కంపౌండర్ మా అరుగు మీద చాయ్ తాగుతూ ఆ సీసాను చూశాడు. మూత తీసి వాసన చూసి, "మంచి మందే అమ్మా. సొర చాప నూనె. కండ్లకు దీన్ని మించింది లేదు" అన్నాడు.

అత్తమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "ఏం నూనె?"

"సొర చాప. సముద్రంల ఉంటది."

ఉప్పు కోసం వచ్చిన నాయకపోళ్ల అవ్వ పక్కనే ఉంది. నేను ఆ కంపౌండర్ చేతిలోంచి చాయ్ గ్లాసు లాక్కున్నాను. ఆయన తప్పేమీ లేదు. అయినా లాక్కున్నాను. అత్తమ్మ లోపలికి పోయి వేప పుల్లతో నోరు కడిగింది, పసుపు నీళ్లు పుక్కిలించింది, తలస్నానం చేసి తులసి కాడ చాలాసేపు నిలబడింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక గోదాములోకి పారిపోయాడు.

"పోనియ్యండి అత్తమ్మా. మందు కదా, దేవునికి తెల్వదా" అన్నాను.

"దేవునికి నేను చెప్పుకుంట. మడుగుకేం చెప్పాలె?" అంది.

ఆమె కళ్లలో నీళ్లు చూశాను. మా పెళ్లయ్యాక అదే మొదటిసారి. అవ్వ నోరు మూయించడం నాకు పెద్ద పని కాదు, కంపౌండర్ రేపు ఇంకో ఊళ్లో ఉంటాడు. ఆ మాటే చెవిలో చెప్పాను. ఆమె నన్ను ఎట్లా చూసిందంటే, నేను అక్కణ్నుంచి కదిలి వంటింట్లో పడ్డాను. సాయంత్రానికల్లా ఆమే మూడు పక్కలకూ మనుషుల్ని పంపింది, పొద్దున పెద్దమనుషులంతా రావాలని.

పొద్దున మా అరుగు నిండిపోయింది. కోయగూడెం పటేలు, బెస్తల పెద్దమనిషి, నాయకపోళ్ల గూడెం తరఫున ఆ అవ్వ. వాళ్ల వెనక వాళ్ల జనం. అత్తమ్మ సీసా తెచ్చి నడుమ పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

బెస్తల పెద్దమనిషి ఒక్క మాటతో తేల్చేశాడు. "మందు తిండెట్లయితదమ్మా? మందు మందే. ఇంత దానికి మమ్ముల పిలిపిచ్చినవా?"

పటేలు తొందరపడే మనిషి కాదు. వెనక్కి తిరిగి తనవాళ్లతో కోయభాషలో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఇటు తిరిగి, "మన కట్టు కడుపు గురించి కాదు. రుచి తెలిసినోళ్ల చెయ్యి వంకర పోతదని పెట్టుకున్నం. గోళీ మింగినవు. మంచిదే. రుచి తెలిసిందా తెల్వలేదా? అది చెప్పు చాలు" అన్నాడు.

ఎంత బాగా అడిగాడు! నాకు ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. గోళీకి పైన తొడుగుంటుంది, మింగితే రుచేం తెలుస్తుంది? నేను అత్తమ్మ వెనక నిలబడి ఆమె వీపు మీద వేలితో పొడిచాను, చెప్పు చెప్పు అని.

"నీళ్లతోని మింగుడే. రుచి తెల్వలే" అంది అత్తమ్మ.

అరుగంతా హాయిగా ఊపిరి వదిలింది. బెస్తల పెద్దమనిషి లేచి తువ్వాల దులుపుకున్నాడు. అప్పుడు ఆమె మళ్లీ నోరు తెరిచింది.

"ఒకనాడు ఒకటి పండ్ల నడుమ పలిగింది."

నేను ఆమె వీపును గట్టిగా గిల్లాను. ఆమె నా చేతిని ఒక్క దెబ్బ వేసింది. అవ్వ ముందుకు వంగి, "పలిగితే? ఎట్లుండె?" అంది.

అత్తమ్మ సీసా మూత బిగించింది. "అబద్ధమెందుకు, కమ్మగనే ఉండె."

ఆ నూనె కంపు సంగతి బెస్తలందరికీ తెలుసు, సర్కారు దవాఖానలో పిల్లలకు తాగించబోతే పిల్లలు ఊరు దాటి ఉరుకుతారు. మొదట అవ్వకు నవ్వొచ్చింది. "గా కంపు నూనెనే కమ్మగున్నదంటే, మా కొర్రమట్ట పులుసు తింటే నువ్వు దుకానం ఇడిసిపెట్టి మా గూడెంకే వస్తవు సావుకారమ్మా!" అంది. ఇంక అరుగు అరుగంతా పడీ పడీ నవ్వింది. పటేలు కూడా కళ్లు తుడుచుకున్నాడు. అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. అది చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు.

"నేను పంచను. నాలుకకు తెలిసిపాయె" అంది.

ఫికర్ లేదమ్మా, మేం ఒప్పుకుంటున్నాం, నువ్వే పంచాలె అని ముగ్గురూ బతిమాలారు. "కట్టు మీది. మీరు పెట్టుకున్న కట్టును తప్పేటిది నేనా?" అని ఆమె ఎదురు గద్దించింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆమెను కౌగిలించుకోవాలనిపించింది.

మరి పంచేదెవరు? బడి పంతులు మేకను కూడా వదలడు. గుడి అయ్యగారు చేపల వాసనకు కళ్లు తిరిగి పడిపోతాడు. బెస్తల పెద్దమనిషి మా ఆయన వైపు చూసి, "కొడుకున్నడు కద" అన్నాడు.

"కొడుకా?" అంది అవ్వ. "ములుగు హోటల్ల చాపల కూర తింటుంటె మా అల్లుడు సూసిండు. మళ్లా వేపుడు గూడ అడిగిండట."

మా ఆయన మొహం చూడాలి. అత్తమ్మ అతని వైపు తిరిగి, "నీ సంగతి ఇంట్ల జూస్త" అంది. ఆమె నోట పాత గొంతు వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో అందరి కళ్లూ నా మీద పడ్డాయి.

నేను చేయనంటే చేయనన్నాను. ఎండు చేపల గంపకే కడుపు తిప్పుకునేదాన్ని, మడుగు చేపల నడుమ నిలబడేదెట్లా? అత్తమ్మ ఏమీ అనలేదు. అదే ఘోరం. ఆమె తిట్టి ఉంటే నేనూ తిట్టి తప్పించుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆమె దుకాణంలో బెల్లం అడిగినవాళ్లకు బెల్లం, పప్పు అడిగినవాళ్లకు పప్పు కట్టి, ఎవర్నీ ఒక్క మాట అనకుండా కూర్చుంది. నేను భరించలేకపోయాను. "ఆ కర్ర ఎక్కడుంది?" అని అడిగాను.

మిరుగం ముందు రోజు మబ్బు పట్టింది. మూడు పక్కలవాళ్లూ దండాలు పెట్టుకున్నారు. బెస్తలు వలలు విసిరారు, నాయకపోళ్లు బుట్టలు పట్టుకుని లోతు తక్కువ ఉన్నచోట దిగారు, కోయలు బండల మీద విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డారు. ఆడవాళ్లు ఒడ్డున మూడు రకాల పాటలు ఒకేసారి పాడారు. ఎవరిది ఎవరూ ఆపలేదు. ఎవరో ఒక కుర్రాడు ఉత్సాహంలో ఇత్తనం మూల వైపు ఈదబోతే మూడు పక్కల నుంచీ తిట్లు ఒకేసారి పడ్డాయి. వాడు చేపకన్నా వేగంగా వెనక్కి వచ్చాడు.

చేపలు పోశారు. గుట్ట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కర్పూరం గుడ్డ బిగించి కట్టుకుని, కర్ర ఎత్తి, "అది ఇటు" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఒడ్డు మీద, జనంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. పెదవులు బిగించుకుంది. నాకు చెప్పాలని ఆమె ఎంత కొట్టుకుంటోందో నాకు కనబడుతోంది. అది చూస్తే నాకు కోపం వచ్చింది, కోపం రాగానే గొంతు వచ్చింది. "ఏయ్, కండ్లు నెత్తికెక్కినయా? పెద్దది అటు ఏసినవ్, దానికి రెండు చిన్నయి ఇటెయ్యి!" అని అరిచాను. జనం సంతోషంగా గొణుక్కున్నారు.

పోగులయ్యాయి. గుర్తులు బుట్టలో పడ్డాయి. నేను చూడకుండా ఒక్కొక్కటే తీసి వేసుకుంటూ పోయాను. చివరికి బుట్ట ఖాళీ అయింది, ఒక పోగు మిగిలింది. మొదటిసారే తప్పు వేశానా? ఎవరి ఇల్లు మర్చిపోయాను?

"తప్పేం లేదు బిడ్డా" అన్నాడు పటేలు. "ఆకులు పరిచినప్పుడు మేమే ఒకటి ఎక్కువ పరిచినం. రుచి తెలిసినోళ్లకు మడుగుల పాలుంటది. మేము మాట్లాడుకున్నం, మూడు దిక్కులోళ్లం." ఆయన ఒడ్డు వైపు తిరిగాడు. "సావుకారమ్మా, నీ గుర్తు తే."

అత్తమ్మకు ముందు అర్థం కాలేదు. అవ్వ ఆమెను ముందుకు నెట్టింది. గుర్తుకు ఏమివ్వాలో ఆమెకు తెలియలేదు. అటూ ఇటూ చూసి, వంగి, ఇసుకలోంచి ఒక గులకరాయి తీసి చీర కొంగుతో తుడిచింది. అందరిలాగే వరసలో వచ్చి నా ముందు చేయి చాపింది. అన్నేళ్లు అందరికీ పంచిన మనిషి ఒక పాలు కోసం చేయి చాపడం అదే మొదటిసారి. నేను రాయి తీసుకుని ఆ పోగు మీద పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, కర్పూరం గుడ్డ మీద నెట్టేశాను.

ఆమె దాన్ని ముట్టలేదు, తినలేదు. అవ్వే ఆకులో చుట్టి, నిప్పుల మీద కాల్చి, ఆమె పేరు చెప్పి తిన్నది. అత్తమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర పెట్టుకుని వాళ్ల వరసలోనే, అవ్వ పక్కనే కూర్చుంది. అటుపక్క కోయ ఆడవాళ్లు, ఇటుపక్క బెస్త ఆడవాళ్లు. పులిహోర అందరూ తలా ఇంత అడిగి తిన్నారు. ఆమె ఎప్పుడూ కర్ర పట్టుకుని నిలబడే ఉండేది. ఆ ఒడ్డున ఆమె కూర్చోవడం అంతకుముందు నేను ఎన్నడూ చూడలేదు.

ఇంటికి నడుస్తున్నాం. తొలకరి చినుకులు మొదలయ్యాయి. నా పంపకం గురించి అత్తమ్మ ఏదో మంచిమాట అంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"ఏమే" అంది. "నా పోగు జర చిన్నగెందుకేసినవ్?"

"చిన్నగనా? అందరికీ ఒక్కతీరుగనే ఏసిన!"

"పక్క పోగుల కొర్రమట్ట ఉండె. నాదాంట్ల లేదు. నేను సూసిన."

తినని చేప కోసం! నేను దారి మధ్యలో ఆగిపోయి నవ్వలేక చచ్చాను. "ఇగ మీరు పంచనీకె నిజంగనే పనికిరారు అత్తమ్మా" అన్నాను.

"పనికిరాకుంటే పాయె" అంది ఆమె, వానకు కొంగు తల మీదికి లాక్కుంటూ. "వచ్చే మిరుగంకు నాకు మంచిది ఎయ్యి."